బడిని నడిపే జట్టు: శ్రీకాకుళం, విజయనగరం హెచ్‌ఎంలు తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా పరిషత్ హైస్కూళ్ల ప్రధానోపాధ్యాయులు (హెచ్‌ఎంలు), ఎఫ్‌ఏసీలో, అంటే హెచ్‌ఎం పూర్తి అదనపు బాధ్యతతో, నెట్టుకొస్తున్న స్కూల్ అసిస్టెంట్లు, మండల పరిషత్ బడుల టీచర్లు కాంప్లెక్స్ (దగ్గరి బడుల సమూహం) మీటింగుల్లో అడిగే ప్రశ్నలివి. మీటింగ్‌లో అడిగినవాటికంటే టీ దగ్గర అడిగినవే ఎక్కువ. జట్టు అంటే హెచ్‌ఎంతో కలిసి బడి బాధ్యతలు పంచుకునే కొద్దిమంది టీచర్లు. జవాబులు ఈ రెండు జిల్లాల బడులని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

హెచ్‌ఎం ఒకరున్నారు కదా, మళ్లీ జట్టు దేనికి?

హెచ్‌ఎం రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. హాజరు విద్యాశాఖ లీప్ యాప్‌లో ఎక్కిందా? వంటకి గుడ్లు వచ్చాయా? ఇద్దరు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టారు, ఎనిమిదో తరగతికి ఎవరు వెళ్తారు? మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు అడిగిన లెక్కలు మధ్యాహ్నంలోగా పంపాలి. ఈలోగా గుమ్మం దగ్గర ఒక తల్లి: "మా గుంటడికి తల్లికి వందనం డబ్బులు పడ్నేదేటి మాస్టారూ?" ఇవన్నీ తెమిలేసరికి మూడవుతుంది. ఒక తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం ఎలా నడుస్తోందో చూసే తీరిక ఆ రోజుకి దొరకదు. మర్నాడూ దొరకదు.

రెండో కారణం ఇంకా పెద్దది. నిబంధన ప్రకారం హెచ్‌ఎం ఒకే బడిలో 5 విద్యా సంవత్సరాలు, టీచరు 8 విద్యా సంవత్సరాలు పూర్తి చేస్తే బదిలీ తప్పదు. చాలామంది అంతకు ముందే కదిలిపోతారు. మంచి హెచ్‌ఎం వచ్చినప్పుడు వెలిగిన బడి, ఆయన వెళ్లిన ఏడాదికే మళ్లీ మొదటికి రావడం మన మండలాల్లో అందరూ చూసిందే. బడి ఎలా నడవాలో ఒక్కరికే తెలిస్తే ఆ తెలివి కూడా వారితోనే బదిలీ అయిపోతుంది. కింద రాసిన జవాబులన్నీ ఈ సమస్య చుట్టూనే తిరుగుతాయి.

జట్టులో ఎంతమంది ఉండాలి? ఎవరిని తీసుకోవాలి?

పదిహేను, ఇరవై మంది టీచర్లున్న హైస్కూలుకి హెచ్‌ఎంతో కలిపి నలుగురైదుగురు చాలు. ఏడుగురు దాటితే అది స్టాఫ్ మీటింగే. అందరినీ సంతోషపెట్టడానికి అందరినీ వేసిన జట్టులో ఏ పనికీ ఒకరిని నిలదీసి అడగలేం.

ఎవరిని తీసుకోవాలో తెలియాలంటే కాగితం పక్కన పెట్టి ఒక వారం గమనించండి. మీరు లేని రోజున టీచర్లు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు? ఆడపిల్లలు కడుపునొప్పి అని ఎవరికి చెప్పుకుంటున్నారు? గేటు దగ్గర గొడవైతే ఎవరు ముందు కదులుతున్నారు? నాయకత్వం అక్కడ ముందే ఉంది, దానికి మీరు పేరు పెడుతున్నారంతే.

తర్వాత కొన్ని లెక్కలు చూసుకోవాలి. పదో తరగతి ఫలితాల భారం మోసే సబ్జెక్టుల నుంచి ఒకరు ఉండాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లలు తెలిసినవారు ఒకరు ఉండాలి. ఈ రెండోది చాలా బడుల్లో మర్చిపోతారు. పది మీద ఉన్న టెన్షన్‌లో ఆరో తరగతిలో చదవలేకుండా వచ్చిన పిల్లవాడు నాలుగేళ్లు ఎవరి కంటికీ కనబడడు. పీఈటీని (వ్యాయామ టీచరుని) తప్పకుండా పరిశీలించండి. ఊళ్లో ప్రతి కుర్రాడి ఇల్లూ, వాడి అన్నదమ్ములూ, వాడు ఎందుకు రాలేదో పీఈటీకి తెలిసినంతగా క్లాస్ టీచరుకి కూడా తెలియదు. ఒక మహిళా టీచరైనా ఉండాలి, మినిట్స్ రాయడానికి మాత్రం కాదు. 2025 మెగా డీఎస్సీ (టీచర్ల నియామకాలు)లో వచ్చిన కొత్త టీచర్లు మీ బడిలో ఉంటే వాళ్లలో ఒకరికి చోటివ్వండి. పాతవాళ్లకి అలవాటైపోయిన లోపాలు వాళ్ల కళ్లకి ఇంకా కొత్తగా కనిపిస్తాయి.

శ్రీకాకుళం టౌన్ నుంచో విజయనగరం నుంచో విశాఖ నుంచో రోజూ వచ్చి వెళ్లేవాళ్లే అందరూ అయితే, బడి ఉన్న ఊళ్లోనో పక్క ఊళ్లోనో కాపురం ఉండే ఒకరిని జట్టులో ఉంచండి. రాత్రి ఎనిమిదికి ఏదైనా జరిగితే బడికి చేరగలిగేది వాళ్లే.

సీనియర్‌ని కాదని జూనియర్‌కి బాధ్యత ఇస్తే గొడవ రాదా?

వస్తుంది. అయితే గొడవ వచ్చేది ఎక్కువగా ఆ ఎంపిక చేసిన తీరు వల్ల. సీనియర్ స్కూల్ అసిస్టెంటుకి నోటీసు బోర్డు మీద ఆ సంగతి తెలిస్తే ఆయన మీకు రిటైరయ్యే వరకూ దూరం. ముందురోజు ఆయనని కూర్చోబెట్టి, "మాస్టారూ, పరీక్షల పని మీ అనుభవం లేకపోతే నడవదు, అది మీ దగ్గరే ఉంచుతున్నాను. కంప్యూటర్ ల్యాబ్, డిజిటల్ క్లాసుల పని ఆ అమ్మాయికి ఇస్తాను, మీరు ఒక కన్నేసి ఉంచండి" అని చెప్పి చూడండి. చాలావరకు సర్దుకుంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. హెచ్‌ఎం సెలవులో ఉన్నప్పుడు ఇన్‌చార్జి సీనియారిటీ ప్రకారమే వెళ్తుంది. దాన్ని కదపకండి. జట్టులో పని పంచుకోవడం వేరు, ఇన్‌చార్జి వేరు. ఈ రెండూ కలిపేస్తే ఉపాధ్యాయ సంఘం వాళ్లు ఆఫీసు గదిలోకి వస్తారు, రావడంలో న్యాయం కూడా ఉంటుంది.

మా బడిలో ఇప్పటికే బోలెడు కమిటీలున్నాయి. ఇది ఇంకొకటా?

మీ కోపం న్యాయమైనదే. మధ్యాహ్న భోజనానికి ఒకటి, పరీక్షలకి ఒకటి, క్రమశిక్షణకి ఒకటి, సైన్స్ ఫెయిర్‌కి ఒకటి, మరుగుదొడ్ల నిర్వహణకి ఒకటి. గోడ మీద పేర్లు ఉంటాయి, అన్నింట్లోనూ ఆ ముగ్గురే ఉంటారు.

కొన్నింటిని చట్టం అడుగుతుంది, అవి ఉండాల్సిందే. తల్లిదండ్రులతో కూడిన యాజమాన్య కమిటీ విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం వచ్చింది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి. దానికి మహిళే అధ్యక్షురాలిగా ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత. "జట్టులో చర్చించి నిర్ణయిద్దాం" అనడానికి అక్కడ వీల్లేదు.

మిగతావాటిలో సగం మూసేయవచ్చు. ఆ పనులని జట్టు సభ్యుల పేరు మీద రాయండి. కమిటీకి ఫోన్ చేయలేం, మనిషికి చేయగలం.

ఎవరికి ఏ పని ఇవ్వాలి?

సబ్జెక్టు ప్రకారం పంచకండి, బడి రోజు ఎలా నడుస్తుందో దాని ప్రకారం పంచండి. తరగతుల నడక అంటే టైమ్‌టేబుల్, లీజర్ పీరియడ్‌లో ఎవరిని ఎక్కడికి పంపాలి, సిలబస్ ఎక్కడుంది అన్నవి ఒకరికి. పిల్లల చదువు స్థాయి, పరీక్షలు, వెనకబడినవారికి రెమిడియల్ తరగతులు ఇంకొకరికి. హాజరు, ఆరోగ్యం, హాస్టల్ పిల్లలు, బడి మానేసినవాళ్లు మరొకరికి. భోజనం, నీళ్లు, శుభ్రత, ఆయాతోనూ వంటవాళ్లతోనూ మాట్లాడటం నాలుగో వ్యక్తికి. ఆన్‌లైన్ వివరాలు, యాప్‌లు ఎవరికి చేతనైతే వాళ్లకి, కానీ ఆ మనిషికి ఇంకే పనీ పెట్టొద్దు. అది చూడటానికి చిన్నదిగా ఉన్నా రోజంతా తినేసే పని.

పని పేరు చెప్పడం సులువు. అధికారం ఎంతవరకో చెప్పడం దగ్గరే మనం తప్పించుకుంటాం. ప్రతి పని పక్కన మూడింట్లో ఒకటి రాయండి: మీరే తేల్చేయండి, చేసి నాకు చెప్పండి, నన్నడిగి చేయండి. ఇద్దరు సెలవులో ఉన్నప్పుడు ఏడో తరగతికి ఎవరిని పంపాలో టైమ్‌టేబుల్ చూసే టీచరే తేల్చాలి. దానికి హెచ్‌ఎం సంతకం అక్కర్లేదు. కూర వాసన తేడాగా ఉంటే వడ్డన ఆపేసే అధికారం భోజనం చూసేవారికి ఉండాలి, ఆపాక హెచ్‌ఎంకి చెప్పాలి. హెచ్‌ఎం ఫోన్ ఎత్తలేదని పాడైన అన్నం పెట్టేస్తే ఎలా? అదే ఒక పిల్లవాడిని బడి నుంచి ఇంటికి పంపాలంటే, పత్రికలవాళ్లతో మాట్లాడాలంటే, ఎవరి మీదైనా ఫిర్యాదు రాయాలంటే, ముందుగా హెచ్‌ఎంని అడగాల్సిందే.

ఒకసారి "మీరే తేల్చండి" అన్నాక అందరి ముందూ దాన్ని తిరగతోడకండి. ఆ టీచరు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోతే సాయంత్రం విడిగా చెప్పండి. స్టాఫ్ రూమ్‌లో ఒక్కసారి కొట్టేస్తే మళ్లీ ప్రతి చిన్నదానికీ మీ గుమ్మం దగ్గరే క్యూ.

డబ్బు, డీడీవో (జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారి) పనులు కూడా పంచవచ్చా?

వీల్లేదు. జీతాల బిల్లులు, బ్యాంకు సంతకాలు, సర్వీసు రిజిస్టర్లు మీవే, జవాబుదారీ కూడా మీదే. పంచగలిగింది సమాచారాన్ని. సమగ్ర శిక్ష పథకం నుంచి పిల్లల సంఖ్యని బట్టి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది జట్టుకీ తల్లిదండ్రుల కమిటీకీ తెలియాలి. ఆ గ్రాంటులో కనీసం 10 శాతం స్వచ్ఛతకి వాడాలన్న నియమం ఉంది. అది తెలిస్తే మరుగుదొడ్డి తలుపు ఎందుకు బాగవ్వలేదని మీ జట్టే అడుగుతుంది. అడగనివ్వండి.

సాయంత్రం అందరూ రైలుకీ బస్సుకీ వెళ్లిపోతారు. మీటింగ్ ఎప్పుడు పెట్టాలి?

బడి వదిలాక పెట్టకండి. వాచీలు చూసుకునే మీటింగ్‌లో ఏదీ తేలదు. వాళ్లని తప్పు పట్టడానికీ లేదు, ఆ బండి తప్పితే ఇంకోటి ఎప్పుడో.

జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడే జట్టు సభ్యులందరికీ వారంలో ఒక లీజర్ పీరియడ్ ఒకే సమయంలో వచ్చేలా వేయండి. నలుగురికి కుదర్చడం కష్టమే, కానీ జూన్‌లో కుదురుతుంది, ఆగస్టులో కుదరదు. ఆ పీరియడ్‌లో వీళ్లని సబ్‌స్టిట్యూషన్‌కి పంపకూడదన్న మాట మీద మాత్రం గట్టిగా నిలబడాలి. మొదటి నెలలోనే రెండుసార్లు రద్దయితే ఇక అది ఎప్పటికీ జరగదు.

ఒక నోటుబుక్కు పెట్టండి. అందులో నిర్ణయం, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా అన్న మూడే రాయండి. "సుదీర్ఘంగా చర్చించడమైనది" లాంటి వాక్యాలు తనిఖీకి వచ్చేవాళ్ల కోసం రాసేవి, వాటికి వేరే రిజిస్టరు ఉంది.

ఆ మీటింగ్‌లో ఏం మాట్లాడాలి? మాకు చివరికి గుడ్లు, బూట్లు, యాప్‌లే మిగులుతాయి.

అందుకే చదువు సంగతి మొదట పెట్టాలి. గుడ్లు, బూట్లు చివరి పది నిమిషాలకి. వరస తిరగబడితే చదువు దాకా ఎప్పుడూ రాం.

ఒక ఉదాహరణ. మొదటి ఫార్మేటివ్ పరీక్షలు (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) అయ్యాయి. మామూలుగా మార్కుల పట్టిక చూసి "ఎనిమిదిలో లెక్కలు వీక్, శ్రద్ధ పెట్టండి" అని ముగిస్తాం. దాని బదులు ఆ తరగతిలో తక్కువ వచ్చిన పదిమంది జవాబు పత్రాలు, అన్ని సబ్జెక్టులవీ, బల్ల మీద పరిచి చూడండి. లెక్కల మాస్టారు అంటారు: వీళ్లకి కూడికలు వస్తున్నాయి, మాటల్లో ఇచ్చిన లెక్కలు ముట్టుకోలేదు. సైన్స్ టీచరు చూస్తే అక్కడా అంతే, ఖాళీలు పూరించారు, ప్రశ్న పొడుగ్గా ఉంటే వదిలేశారు. తెలుగు టీచరు వాళ్ల దస్తూరీ చూసి, వీళ్లు ఒత్తులున్న పదాలు చదవలేకపోతున్నారని చెబుతారు. అప్పుడు గాని అర్థం కాదు, లెక్కల్లో తప్పడానికి కారణం చదవడం రాకపోవడమని. అది ఏ ఒక్క టీచరు గదిలోనూ తేలే విషయం కాదు.

అక్కడి నుంచి నిర్ణయం తీసుకోవాలి. ఆ పదిమందికి రోజూ అరగంట చదివించడం, ఎవరు, ఏ గదిలో, ఏ పుస్తకంతో. సోషల్ టీచరు కూడా చదివించవచ్చు, దానికి తెలుగు పండిట్ అయి ఉండక్కర్లేదు. ఆరు వారాలయ్యాక ఆ పిల్లలనే పిలిచి, ముందు చదవలేని పేజీనే మళ్లీ చదివించి చూడాలి. చదివితే మరో పదిమంది. చదవకపోతే పద్ధతి మార్చాలి. ఇదంతా ఒక్క పీరియడ్‌లో అయ్యే పని, కష్టమంతా ఆరో వారంలో గుర్తుపెట్టుకుని చూడటంలోనే ఉంది.

జట్టు సభ్యులు ఒకరి తరగతికి ఒకరు వెళ్లి కూర్చోవడం కూడా మొదలుపెట్టండి. మొదట హెచ్‌ఎం పాఠానికే అందరినీ పిలవాలి. మీ పాఠం ఎవరూ చూడకుండా వాళ్ల పాఠం మీరు చూస్తే అది తనిఖీ.

నేను ఎఫ్‌ఏసీ మాత్రమే. మొన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి. నా మాట ఎవరు వింటారు?

మీకు జట్టు అవసరం రెగ్యులర్ హెచ్‌ఎం కంటే ఎక్కువ. ఎవరో రెగ్యులర్ వస్తారు, అప్పుడు చూద్దాం అని బడి మొత్తం ఆగిపోయి ఉంటుంది, అది ఒక్కోసారి రెండేళ్లు కూడా సాగుతుంది. మీ పేరు మీద హుకుంలు వేయకండి. "జట్టులో అనుకున్నాం" అన్న మాటకి "నేను చెబుతున్నాను" అన్నదానికంటే స్టాఫ్ రూమ్‌లో బరువుంటుంది. మీ పీరియడ్లు మానకండి. ఎఫ్‌ఏసీ వచ్చిందని క్లాసులు వదిలేసిన మనిషిని తోటివాళ్లు క్షమించరు.

మా స్టాఫ్‌లో రెండు గ్రూపులు. ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు.

సంఘం కావచ్చు, కులం కావచ్చు, ఎప్పుడో సరెండర్ లీవు దగ్గర వచ్చిన మాట కావచ్చు. కారణం తవ్వి తీయడానికి హెచ్‌ఎం దగ్గర టైమ్ లేదు, తవ్వినా లాభం లేదు. రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని జట్టులోకి తీసుకుని, ఇద్దరూ కలిస్తే గాని పూర్తవని పని ఒకటి ఇవ్వండి. పదో తరగతి స్టడీ అవర్ల పంపకం దీనికి బాగా పనికొస్తుంది. మార్చిలో పరీక్షలు రాసేది పిల్లలు కాబట్టి పంతం అక్కడ కొంచెం తగ్గుతుంది.

మీరు ఏ వైపుకీ చెందనట్టు కనిపించాలి. సంఘంలో మీకు సభ్యత్వం ఉండవచ్చు, సభ్యత్వం ఇంటి దగ్గర ఉండాలి.

తల్లిదండ్రుల కమిటీ ఉంది కానీ సంతకాలకే వస్తారు. వాళ్లని ఎలా కలుపుకోవాలి?

చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలి. బడి పని తీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంట్ల ఖర్చు చూడటం వాళ్ల పనులు. ఇది కాగితం మీది. ఊళ్లో సంగతి వేరు.

మన జిల్లాల్లో వలసని లెక్కలోకి తీసుకోకుండా ఏ కమిటీ నడవదు. చెన్నై, హైదరాబాద్, విజయవాడ కట్టడం పనులకి తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లిపోతే పిల్లలు మామ్మ, తాతల దగ్గర ఉంటారు. చట్టం "సంరక్షకులు" అంది కదా, ఆ మామ్మని పిలవండి. ఆమెకి చదువు రాకపోవచ్చు, కానీ మనవడు రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ చూస్తున్నాడో ఆమెకే తెలుసు.

మీటింగ్ తేదీ కూడా దీన్ని బట్టే. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు ఊళ్లోకి వస్తారు. సెలవులకి ముందు ఆఖరి రోజో, తెరిచిన మొదటి రోజో పెడితే ఏడాది మొత్తంలో కనబడని తండ్రులు కనబడతారు. గ్రామదేవత పండగైనా అంతే. ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం, పూసపాటిరేగ తీరంలో గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్లే కుటుంబాలుంటాయి. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం కాబట్టి బడి తెరిచే రోజుల్లో వాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు. ఆగస్టులో పెట్టి "ఎవరూ రాలేదు" అనడం మన తప్పే. ప్రభుత్వం 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టడం మొదలుపెట్టింది. అది జరపండి, జనం వస్తారు. అయితే ఫొటోలు, భోజనాలు అయ్యాక ఒక్కో తల్లితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడితే మిగిలేది వేరు.

కమిటీ చైర్‌పర్సన్ ఆమె అయి, మాట్లాడేది ఆమె భర్త అయితే, మర్యాదగా ఆయనకి బయట కుర్చీ వేయించండి. జట్టులోని మహిళా టీచరు ముందురోజు ఆమెతో ఎజెండా మాట్లాడి ఉంచితే ఆ ధైర్యం మీటింగ్‌లో కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు బడుల్లో ఇంకో మాట. కిడ్నీ జబ్బుల భయం ఉన్న ఊళ్లలో తాగునీళ్లంటే తల్లిదండ్రులకి చదువు కంటే ముందు. బడిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అన్నది జట్టు ప్రతి మీటింగ్‌లో చెప్పగలిగితే మిగతా విషయాలు వాళ్లు తీరిగ్గా వింటారు.

పిల్లలు ఇంట్లో సవరో ఒడియానో మాట్లాడితే?

ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా, మెళియాపుట్టి, పాతపట్నం కొండ గూడేల్లో సవర. ఆ భాష వచ్చిన మనిషి ఒకరు జట్టులో ఉండాలి. టీచర్లలో ఎవరూ లేకపోతే అంగన్‌వాడీ కార్యకర్తనో, వంట చేసే ఆమెనో, పెద్ద తరగతి చదివిన ఊరి అమ్మాయినో పిలిచి కూర్చోబెట్టండి. హోదా చూడకండి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పించే బడులు పెట్టారు. ఆ పని ఆయనకి ఏ ఉత్తర్వూ అప్పగించలేదు.

మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక బడి. జట్టు అంటే నవ్వొస్తుంది.

నవ్వొద్దు, మీ జట్టు బడి గోడ దాటి ఉంటుంది. పక్క ఊరి రెండు మూడు బడుల టీచర్లు, అంగన్‌వాడీ టీచరు, బడుల మధ్య తిరిగే క్లస్టర్ మొబైల్ టీచరు, కమిటీ చైర్‌పర్సన్. స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కొఠారి కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ చెప్పింది. చిన్న బడులు ఒంటరిగా నిలబడలేవన్నదే రెండుసార్లూ కారణం. ఒకరికి లెక్కలు బాగా వస్తే ఇంకొకరికి బొమ్మలు, పాటలు వస్తాయి. నెలకోసారి బడి మార్చుకుని చెప్పుకోవడానికి ఎంఈవోతో ముందే మాట్లాడుకోండి. ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే బడి మూయకుండా ఎవరు వస్తారో కూడా అప్పుడే అనుకోవాలి.

ఎన్నికలు, జనగణన, సర్వేలు. మనుషులే లేకపోతే జట్టెక్కడ?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మూడింటికే ఒప్పుకుంటుంది: పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడూ వచ్చినప్పుడు ఎవరెవరు వెళ్తారో ముందే రాసుకుని, మిగిలినవాళ్లతో తరగతులు కలిపి నడిపే రెండో టైమ్‌టేబుల్ సిద్ధంగా ఉంచండి. ఆ రెండో టైమ్‌టేబుల్ పెళ్లిళ్ల సీజన్‌లోనూ పనికొస్తుంది.

తుఫాను వస్తే జట్టు ఏం చేయాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయినప్పుడు వాట్సాప్ గ్రూపులో పెట్టిన సూచనలు ఎవరికి చేరతాయి? కాబట్టి సెప్టెంబర్ మీటింగ్‌లోనే కొన్ని తేల్చుకోవాలి. బడి తాళాలు ఊళ్లో ఎవరి దగ్గర ఉంటాయి, బడిని పునరావాస కేంద్రంగా వాడుకుంటే ఏ గదులు ఇవ్వాలి, రికార్డులూ కంప్యూటర్లూ పై అంతస్తుకి ఎవరు ఎక్కిస్తారు, నీళ్లు దిగాక పిల్లలని పిలిచే ముందు గోడలు, వైర్లు, పైకప్పు ఎవరు చూస్తారు. వీటికి పేర్లు రాసి ఆ కాగితం తాళాల దగ్గరే ఉంచండి. టౌన్‌లో ఉండే హెచ్‌ఎం ఆ రోజు బడికి రాలేరు.

పిల్లలకి చోటుందా?

ఉంది. తరగతి లీడర్లని నెలకోసారి జట్టు ముందు కూర్చోబెట్టి, "ఏ పీరియడ్ ఖాళీగా పోతోంది?" అని అడగండి. ఏ రిజిస్టరులోనూ కనిపించని జవాబు వస్తుంది. చెప్పిన పిల్లవాడిని తర్వాత ఎవరూ నిలదీయకుండా చూసే పూచీ మీది.

జట్టు నిజంగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మీరు రెండు రోజులు ట్రైనింగ్‌కి వెళ్లండి. ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, దేనికి మోగిందో చూడండి. సబ్‌స్టిట్యూషన్ కోసం మోగితే జట్టు ఇంకా కాగితం మీదే ఉంది. అస్సలు మోగకపోతే కూడా అనుమానించాలి, ఏదో దాస్తున్నారేమోనని.

లిఖితపూర్వకంగా చూసుకోవాలంటే జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా) తయారు చేసిన శాలా సిద్ధి స్వీయ మూల్యాంకనం ఉంది. అందులోని ఏడు అంశాల్లో నాయకత్వం, నిర్వహణ ఒకటి. చాలాచోట్ల ఒక టీచరు కంప్యూటర్ ముందు కూర్చుని అన్నింటికీ మంచి స్థాయి టిక్ పెట్టేస్తారు. అదే ఫారం జట్టుగా కూర్చుని, ప్రతిదానికీ "రుజువేది?" అని అడుగుతూ నింపితే ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ మధ్యాహ్నం వృథా పోదు.

దీనికి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

టీచర్ల జాతీయ శిక్షణ కార్యక్రమం నిష్ఠాలో పాఠశాల నాయకత్వం మీద పాఠాలున్నాయి. ఢిల్లీలో నీపా కింద పాఠశాల నాయకత్వ జాతీయ కేంద్రం నడుస్తోంది. శ్రీకాకుళం వాళ్లకి వమరవల్లి డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) దగ్గరలోనే ఉంది. జాతీయ విద్యావిధానం టీచర్లకీ హెచ్‌ఎంలకీ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. వెళ్తే ఒక్కరే వెళ్లకండి, జట్టులో ఇంకొకరిని తీసుకెళ్లండి. ఒక్కరే విన్న శిక్షణ తిరిగొచ్చాక సర్టిఫికెట్‌గా మిగులుతుంది.

ప్రైవేటు స్కూల్లో ఇది సాగుతుందా? అన్నీ కరస్పాండెంట్ గారే చూస్తారు.

ఫీజులు, అడ్మిషన్లు ఆయనని చూడనివ్వండి. తరగతి గది, పరీక్షలు, పిల్లల క్షేమం ప్రిన్సిపాల్ జట్టు చేతిలో ఉండాలని జూన్‌కి ముందే మాట్లాడుకోవాలి. ఏటా టీచర్లు మారే స్కూల్లో కనీసం ఇద్దరిని నిలుపుకోలేకపోతే జట్టు గురించి మాట్లాడటం అనవసరం. ముందు జీతాల సంగతి చూడాలి.

నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

చార్జి ఇచ్చేటప్పుడు స్టాక్ రిజిస్టర్లు, క్యాష్ బుక్, తాళాలు ఎలాగూ అప్పగిస్తారు. వాటితో పాటు జట్టు నోటుబుక్కు, ఎవరికి ఏ పని ఎంత అధికారంతో ఇచ్చారో రాసిన కాగితం, జాగ్రత్తగా చూసుకోవాల్సిన పిల్లల పేర్లు, ఊళ్లో ఎవరితో ఎలా మాట్లాడాలో రెండు పేజీలు రాసి ఇవ్వండి. ఆఖరిది టైపు చేయించకండి, చేత్తో రాసి చేతికే ఇవ్వండి.

జట్టులో ఉన్నవాళ్లంతా ఒకే బదిలీల్లో కదిలిపోయే ప్రమాదం ఉంది. ఎవరికి 8 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో ఏడాది ముందే చూసుకుని, వెళ్లబోయేవారి పక్కన ఇంకొకరిని పెట్టి ఆ పని నేర్పించి ఉంటే మీ పని సగం తగ్గుతుంది. కొత్త హెచ్‌ఎం చేరిన వారమే జట్టు వాళ్లని కలిసి, మొదటి ఫార్మేటివ్ పరీక్షల దాకా ఇప్పుడున్న పంపకాన్ని మార్చకుండా చూడమని అడగాలి. ఆ మాట పాత హెచ్‌ఎం ఫోన్ చేసి చెబితే ఎదుటివారికి కష్టంగా ఉంటుంది. బడిలో ఉన్నవాళ్లే అడగనివ్వండి.